చెక్క గట్టిదే... మేకు మాటేమిటి?

అరకు వెళ్లినవాళ్లు లోయని చూస్తారు, కాఫీ తాగుతారు, బొంగు చికెన్ తింటారు. ఫొటో కోసం చెక్క రెయిలింగుని ఆనుకుని నిలబడతారు. ఆ రెయిలింగుని పట్టి ఉంచుతున్నదేమిటో మాత్రం ఎవరూ చూడరు. ఈసారి అది చూద్దాం.

విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ బండి శృంగవరపుకోట దాటి కొండెక్కడం మొదలుపెట్టగానే పిల్లలంతా కిటికీల దగ్గర చేరతారు. సొరంగం వచ్చినప్పుడల్లా ఒకటే కేకలు! పదిదాకా లెక్కపెడతారు, ఆ తర్వాత తప్పిపోతారు. తప్పరా మరి... కొత్తవలస నుంచి కిరండూల్ దాకా మొత్తం 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. 2017లో అద్దాల పెట్టె తగిలించాక ఈ ప్రయాణమే ఒక విహారమైపోయింది. కానీ ఈ లైను మనకోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసింది. ఎదురొచ్చే గూడ్సు పెట్టెల నిండా కనిపించే ఎర్రమట్టిలాంటిది ఆ ఖనిజమే.

ఖనిజం అంటే ఏమిటి? ఆక్సిజన్‌ని పట్టుకున్న ఇనుము. కొలిమిలో బోలెడు బొగ్గు కాల్చి ఆ ఆక్సిజన్‌ని విడదీస్తేనే ఇనుము చేతికొస్తుంది. దాంతో మేకు చేస్తాం. ఆ మేకు మళ్లీ ఇదే కొండెక్కి, వానలోకీ మంచులోకీ వస్తే, తాను వదులుకున్న ఆక్సిజన్‌ని తిరిగి పట్టుకోవాలనే చూస్తుంది. దాన్నే మనం తుప్పు అంటాం. కొండదిగే ఖనిజం రంగూ, కొండమీద మేకు రంగూ చివరికి ఒకటే కావడంలో వింతేమీ లేదు.

అరకులో ఇప్పుడు ఎటు చూసినా చెక్కే. లోయని చూపించే అరుగులు, కాటేజీల ముందు వసారాలు, చెట్ల మధ్య మెట్లు, కాఫీ కొట్ల ముందు బల్లలు. చెట్ల మీద గుడిసెలకి పద్మాపురం తోట ఎప్పటినుంచో పేరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట అది. చెక్క ఇల్లు అంటే సిమెంటులో బతికే పట్నంవాళ్లకి ఎంత మోజో ఇక్కడివాళ్లకి తెలుసు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదని 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, అదే అందరూ 1/70 అనే చట్టం, చెబుతోంది. అందుకని సొంత జాగాలో ఒకటి రెండు చెక్క గదులు వేసుకుని, వచ్చినవాళ్లకు అద్దెకివ్వాలనుకునే గిరిజన కుర్రాళ్లు కొందరు కనిపిస్తారు. అలాంటి ఒకబ్బాయి అరుగు దగ్గరే ఈ మేకుల గొడవ నా చెవిన పడింది.

తాత ఇల్లు, మనవడి ఇల్లు

అతనిది అనంతగిరి వైపు చిన్న ఊరు. కాఫీ తోట ఉంది. తోటకి నీడ కోసం నాటిన సిల్వర్ ఓక్ చెట్లలో కొన్ని ముదిరాయి. ఆ చెక్కతోనే రెండు గదులు, ముందొక అరుగు వేయాలని తలపెట్టాడు. అరుగు కిందే పల్లం, ఆరేడడుగుల లోతు. దాని అంచున రెయిలింగు. అప్పు తెచ్చి మొదలుపెట్టాడు కాబట్టి మళ్లీ మళ్లీ కట్టే ఓపిక లేదు.

సిల్వర్ ఓక్ పేరులో ఓక్ ఉంది గానీ, అది ఓక్ కాదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. తొందరగా పెరుగుతుంది, తిన్నగా ఎదుగుతుంది, మిరియాల తీగ పాకడానికి బాగుంటుంది. చెక్కగా మాత్రం మెతక. వానలో వదిలేస్తే కొద్దేళ్లలోనే పుచ్చుతుంది, చెద పడుతుంది. ఇక్కడి పాత ఇళ్లకు వాడిన మద్ది, వేగిస, గుగ్గిలం లాంటి కర్రల సంగతి వేరు. అవి మందు లేకుండానే ఎన్నో ఏళ్లు నిలిచేవి. ఆ చెట్లు ఇప్పుడు అడగ్గానే దొరకవు, కొట్టనూకూడదు. కాబట్టి మెతక చెక్కకి మందు ఎక్కించి వాడుకోవాలి.

పక్కనే అతని తాత కట్టిన ఇల్లుంది. మట్టిగోడలు, నాలుగువైపులా దిగిన కప్పు. ఆ కప్పులోకి తలెత్తి చూడండి... ఒక్క ఇనప మేకు కనిపించదు. వాసాలన్నీ అడ్డతీగ నారతో కట్టినవే. మనం విస్తళ్లుగా ఎరిగిన అడ్డాకుల తీగే అది. నారను నానబెట్టి కట్టి వదిలేస్తే ఆరేకొద్దీ బిగుస్తుంది. కర్రకి కర్ర కలిసేచోట ఒకదాని కొసను చెక్కి, రెండోదానికి బెజ్జం పెట్టి దూర్చి, అడ్డంగా వెదురు సీల కొట్టారు. వానలో కర్ర ఉబ్బితే సీల కూడా ఉబ్బుతుంది, ఎండితే అదీ ఎండుతుంది. తుప్పు పట్టేదేదీ అక్కడ లేదు. కింద సముద్రం ఒడ్డునా ఇదే తెలివి. మన తీరంలో అలలకు ఎదురెళ్లిన మసూలా పడవల పలకల్ని మేకులతో కొట్టలేదు, కొబ్బరి తాడుతో కుట్టారు.

పాత పద్ధతే మేలని చెప్పడం నా ఉద్దేశం కాదు. నారకట్టు కొద్దేళ్లకోసారి విప్పి మళ్లీ కట్టాలి. పదిమంది టూరిస్టులు ఒకేసారి ఎక్కి గెంతే అరుగుని నారతో కట్టమని ఎవరూ చెప్పరు. మనవడికి మేకులు, బోల్టులు కావాల్సిందే. ఏ మేకులు అన్నదే ప్రశ్న.

ఆకుపచ్చ చెక్క వెనక తెలుగువాడు

అమెరికాలో ఉన్న అబ్బాయి ఇంటికో అమ్మాయి ఇంటికో వెళ్లొచ్చినవాళ్లు అక్కడి ఇళ్ల వెనక చెక్క అరుగుల్ని చూసే ఉంటారు. డెక్ అంటారు వాళ్లు. కొత్తలో ఆ చెక్క లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనానికి మూలం మన దేశంలోనే, ఒక తెలుగువాడి చేతిలోనే పుట్టిందని ఎందరికి తెలుసు?

ఆయన పేరు సొంఠి కామేశం. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ 1933లో ఒక మందు కనిపెట్టారు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమం. ఆర్సెనిక్, రాగి రసాయన సంకేతాలు రెండూ కలిపి దానికి ‘ఆస్క్యూ’ అని పేరు. 1938లో అమెరికా పేటెంటు వచ్చింది. తర్వాత ప్రపంచమంతా దాన్ని సీసీఏ అని పిలిచింది. చెక్కను పెద్ద ఇనప గొట్టంలో పెట్టి, లోపలి గాలి లాగేసి, ఈ ద్రావణాన్ని ఒత్తిడితో లోపలికంటా ఎక్కిస్తారు. రాగి బూజుని చంపుతుంది, ఆర్సెనిక్ చెదని ఆపుతుంది. ఆ రెండూ వానకి కొట్టుకుపోకుండా చెక్కలో పాతుకునేలా చేసేది క్రోమియం. అంతకుముందు మందులతో వచ్చిన చిక్కంతా ఇదే... నాలుగు వానలకి మందు కారిపోయేది. కామేశం గారి గొప్పతనం మందు వేయడంలో కన్నా దాన్ని చెక్కలో నిలబెట్టడంలో ఉంది. స్తంభాలు, రేవుల్లో దుంగలు, ఇళ్ల వెనక అరుగులు... కోట్లకొద్దీ చెక్కలు దానివల్ల దశాబ్దాలు నిలిచాయి.

ఆర్సెనిక్ విషమన్న భయంతో అమెరికాలో 2003 డిసెంబరు ఆఖరుతో ఇళ్ల వాడకానికి ఈ చెక్క తయారీ ఆపేశారు. స్తంభాల్లాంటి వాటికి మాత్రం ఉంచారు. ఇళ్లకోసం దాని స్థానంలో ఏసీక్యూ, కాపర్ అజోల్ అనే మందులు వచ్చాయి. వాటిలో ఆర్సెనిక్ లేదు. మంచిదే. క్రోమియం కూడా లేదు. రాగి మాత్రం ఎక్కువ. అసలు కథ అక్కడ మొదలైంది. అదే వడ్రంగులు, అవే మేకులు... కానీ పాత చెక్కలో ఏళ్ల తరబడి నిలిచిన మేకులు కొత్త చెక్కలో త్వరగా పాడవడం మొదలుపెట్టాయి.

కాఫీ తోటలో కత్తి పరీక్ష

ఎందుకు? ఈ ప్రశ్నకి జవాబు అరకు కాఫీ రైతులకు తెలుసు. తెలుసని వాళ్లకి తెలియదంతే.

కాఫీ ఆకులకి తుప్పు తెగులు అని ఒకటొస్తుంది. ఆకు వెనక నారింజరంగు పొడి. దానికి విరుగుడు బోర్డో మిశ్రమం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. మైలుతుత్తం అంటే రాగి లవణమే. మిశ్రమం సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి ఒక పాత పరీక్ష ఉంది. బాగా మెరిసేలా తోమిన కత్తి మొననో కొడవలి మొననో అందులో కాసేపు ముంచి తీస్తారు. మొన మీద ఎర్రటి పూత కనిపిస్తే సున్నం చాలలేదని అర్థం, ఇంకాస్త కలుపుతారు.

ఆ ఎర్రపూత ఏమిటి? రాగి! నీళ్లలో కరిగి ఉన్న రాగి ఇనుము మీదకొచ్చి కూర్చుంది. అలా కూర్చోవడానికి అంత ఇనుము కత్తిలోంచి కరిగిపోయింది. హైస్కూల్లో నీలిరంగు మైలుతుత్తం నీళ్లలో మేకు వేసి, మర్నాటికి మేకు ఎర్రబడిందనీ నీళ్లు పచ్చబడ్డాయనీ రికార్డు పుస్తకంలో రాసిన ప్రయోగం ఇదే. మన ఆకుపచ్చ చెక్కలోనూ జరిగేది ఇదే. చెక్క తడిసినప్పుడల్లా దాన్లోని రాగి రవ్వంత నీళ్లలోకి వస్తుంది, మేకుని తాకుతుంది. మేకు మీద జింకు పూత ఉంటే ముందు జింకు పోతుంది, తర్వాత ఇనుము. క్రోమియం ఉన్న పాత మందులో ఆ క్రోమియమే తుప్పుకి కొంత అడ్డు నిలిచేది. అది తీసేశాక కాపలా పోయింది.

తుప్పు తెగులుని తరిమే రాగే మేకుకి తుప్పు తెస్తుందన్నమాట! ఈ మాట చెబితే ఆ కుర్రాడు నవ్వి, తోటలోంచి తాను పిచికారీకి వాడే ప్లాస్టిక్ పీపా తెచ్చి చూపించాడు. ఇనప డబ్బాలో ఎందుకు కలపరో ఇన్నాళ్లూ అడగలేదట.

బ్రిటిష్ నౌకాదళం ఈ పాఠాన్ని చాలా ఖరీదుగా నేర్చుకుంది. పడవ పురుగుల బాధ పడలేక 1761లో ‘అలారం’ అనే యుద్ధనౌక అడుగుకి రాగిరేకులు తాపడం చేయించారు. రేకుల్ని కొట్టింది ఇనప మేకులతో. రెండేళ్లు వెచ్చటి సముద్రాల్లో తిరిగొచ్చాక 1763లో చూస్తే రేకులు చాలాచోట్ల ఊడిపోయాయి. రాగి దివ్యంగా ఉంది, మేకులే తినేసి ఉన్నాయి. కొన్ని మేకులు మాత్రం బాగున్నాయి. ఎందుకా అని చూస్తే, రేకులకు చుట్టొచ్చిన కాగితాన్ని పనివాళ్లు అక్కడక్కడా తీయకుండా వదిలేశారట. రాగికీ ఇనుముకీ మధ్య ఆ కాగితం అడ్డుపడింది. బద్ధకం కూడా ఒక్కోసారి విజ్ఞానశాస్త్రానికి మేలు చేస్తుంది!

మంచు... అసలు శత్రువు

చెక్క పొడిగా ఉంటే ఇదేదీ జరగదు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం మేకుకి పెద్ద భయం లేదు. దాటిందా, మొదలవుతుంది. సముద్రమట్టానికి తొమ్మిదివందల మీటర్ల పైన ఉన్న అరకులో చెక్క ఎప్పుడు ఆరుతుంది? జూన్ నుంచి వానలు. అవి తగ్గేసరికి అక్టోబరు తుపాన్లు. ఆ తర్వాత చలి... పొద్దున ఎనిమిదింటికి కూడా రెయిలింగు మీద వేలు పెడితే తడి. వానకాలం కన్నా ఈ మంచుకాలమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. వాన మట్టిని కడిగి పోతుంది. మంచు మాత్రం పలకల సందుల్లో, మేకు తల కింద, నెమ్మదిగా చేరి కదలకుండా కూర్చుంటుంది.

ఇక్కడ ఒక ఊరట ఉంది. సముద్రం 70 కిలోమీటర్లకు పైగా దూరం. ఉప్పుగాలి లేదు. భీమిలిలోనో రుషికొండలోనో ఒడ్డున అరుగు వేసేవాళ్లకి రాగితోపాటు ఉప్పు కూడా శత్రువే. కాబట్టి విశాఖ బంధువు చెప్పిన లెక్క అరకులో, అరకు మేస్త్రి చెప్పిన లెక్క విశాఖలో పనికిరావు.

తుప్పు పట్టిన మేకు తను మాత్రమే పోదు. తుప్పు చుట్టూ ఉన్న చెక్క నల్లబడి, పీచు పీచుగా మారి, మెత్తబడుతుంది. ఇనుము విడుదల చేసేదే చెక్కలోని పీచుని తెంపుతుంది. బెజ్జం పెద్దదవుతుంది, మేకు వదులవుతుంది, నీళ్లు ఇంకా పోతాయి. మందు చెక్క పైకి కొత్తగానే కనిపిస్తుంది చూశారూ, ప్రమాదమంతా అందులోనే ఉంది. మామూలు చెక్క అయితే పుచ్చి, చూడగానే జాగ్రత్త పడేలా చేస్తుంది. ఇక్కడ పలక నిగనిగలాడుతూనే ఉంటుంది... దాన్ని పట్టుకున్న మేకు లోపల సూదంత అయిపోయి ఉంటుంది.

ఇనప కొట్లో ఏం అడగాలి?

సరే, ఆ కుర్రాడు విశాఖలో ఇనప కొట్టుకి వెళ్తాడు. గల్లామీద మూడు నాలుగు రకాల స్క్రూలు పోస్తారు.

నల్లవి. ఇవి ఇంట్లో జిప్సం సీలింగుకి. బయట వాడితే ఒక్క వానకాలం చాలు. పక్కన పెట్టేయాలి.

తళతళ మెరిసేవి, పసుపుగా మెరిసేవి. ఇవి జింకు పూతవే, కానీ కరెంటుతో వేసిన పలచటి పూత. సాధారణంగా అయిదు నుంచి పది మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుందంటే ఊహించుకోండి. ‘జీఐ సార్, తుప్పు పట్టదు’ అని కొట్టువాళ్లు ఎక్కువగా చేతిలో పెట్టేవి ఇవే. అలమరాకి బాగుంటాయి, అరకు అరుగుకి కాదు.

బూడిదరంగులో, మెరుపు లేకుండా, తడిమితే కాస్త గరుకుగా ఉండేవి. కరిగిన జింకులో ముంచి తీసినవి. హాట్ డిప్ అని అడగాలి. పూత నలభై, యాభై మైక్రాన్లకి తక్కువ కాదు. కొండల మీదుగా పోయే హైటెన్షన్ టవర్లకు వేసే పూత ఇదే. అవి ఎన్నేళ్లుగా వానలో నిలబడి ఉన్నాయో చూస్తూనే ఉన్నాం. పూత మందం వల్ల బోల్టు మర కాస్త లావవుతుంది కాబట్టి నట్టు కూడా దానికి తగ్గదే, అదే రకందే కొనాలి. మామూలు నట్టు ఎక్కలేదని రేకుతో పూత గీకేవాళ్లున్నారు. గీకాక కొన్నదంతా దండగ.

చివరిది స్టెయిన్‌లెస్, అందరూ ఎస్సెస్ అనేది. ఇక్కడే మోసపోయేది. ‘అయస్కాంతం అంటుకోకపోతే అసలుది’ అని ఒక నమ్మకం. చవకరకం 202 ఎస్సెస్‌కి కూడా అయస్కాంతం సరిగ్గా అంటుకోదు. అసలైన 304కి కూడా మర తిప్పేటప్పుడు పడ్డ ఒత్తిడివల్ల ఒక్కోసారి కొంచెం అంటుకుంటుంది! బోల్టు తల మీద చూడండి. ఏ2-70 అని ఉంటే 304 రకం, ఏ4-70 అని ఉంటే 316 రకం. అరకుకి 304 చాలు. 316 ధర ఇంకా ఎక్కువ. ఉప్పుగాలి ఉన్న భీమిలి ఒడ్డుకి దాన్ని కొనాలి. ఒకే ఒక్క హెచ్చరిక... అరుగు కడగడానికి బ్లీచింగు నీళ్లు, బాత్‌రూముల యాసిడ్ వాడేవాళ్లకి 304 కూడా మచ్చలు పడుతుంది. ఉప్పు లేని ఊళ్లోకి ఉప్పుని మనమే బకెట్‌లో తెచ్చినట్టు.

మొత్తం ఎస్సెస్ కొనాలంటే చిన్న రైతుకి భారమే. మామూలు జింకు స్క్రూకి కొన్ని రెట్ల ధర. నా సలహా అడిగితే ఇలా విడదీస్తాను. ఊడితే మనిషి పడే చోట ఎస్సెస్: రెయిలింగు నిలువు కర్రలు, మెట్లు, అరుగు దూలాన్ని ఇంటికి కలిపే చోటు. ఊడితే పలక కదిలే చోట హాట్ డిప్: నేల పలకలు, బల్లలు, కంచె. రెయిలింగు నిలువు కర్రకి మేకు అసలు వద్దు, ఎంత మంచిదైనా సరే. మేకుని లాగితే వస్తుంది. అటునుంచి ఇటు దూరిపోయే బోల్టు, వెడల్పాటి వాషరు, నట్టు. ఆరడుగుల పల్లం మీద పదేళ్ల పిల్లాడు వాలేది దాని మీదే.

రెండు రకాల లోహాలు ఒకేచోట తగలనివ్వకూడదు. ఎస్సెస్ బోల్టుకి జింకు వాషరు వేస్తే ఆ వాషరు ముందు పోతుంది. టార్చిలైటు సెల్లు పైన ఉండే జింకు డబ్బా కరిగి కారడం చూశాం కదా, రెండు వేరు పదార్థాలూ మధ్యలో తడీ ఉంటే అదే తంతు. బ్రాకెట్ ఎస్సెస్ అయితే స్క్రూ ఎస్సెస్, బ్రాకెట్ హాట్ డిప్ అయితే స్క్రూ కూడా హాట్ డిప్.

ఎస్సెస్‌తో పనిచేయడం వడ్రంగులకి మొదట్లో విసుగే. గట్టిచెక్కలోకి బలవంతంగా తిప్పితే స్క్రూ తల తెగిపోతుంది. ముందు సన్నటి బెజ్జం వేసుకోవాలి. ఎస్సెస్ నట్టుని మిషనుతో గబగబా తిప్పితే బోల్టుకే అతుక్కుపోయి ముందుకీ వెనక్కీ రాదు. కాస్త గ్రీజు పూసి చేత్తో తిప్పడమే. ఆ బెజ్జాలు వేశాక, పలకలు కోశాక, లోపలి మందులేని చెక్క బయటపడుతుంది. అక్కడ మందుని కుంచెతో పూయకుండా వదిలేస్తే చెదకి తలుపు తీసిపెట్టినట్టే. చెక్క కొట్టునుంచి పచ్చిగా వస్తే నీడలో కొన్ని వారాలు ఆరనిచ్చాకే బిగించాలి. మొదట్లో తడీ మందూ రెండూ ఎక్కువగా ఉండేది అప్పుడే.

కొట్టులో ఇంకో మాట కూడా అడగాలి: ఈ చెక్కకి ఎక్కించిన మందేమిటి? బోరాక్స్ అంటే మేకుకి హాని లేదు. కానీ వానకి ఆ మందు కారిపోతుంది, ఇంటి లోపలికే అది. రాగి ఉన్న మందయితే పైన చెప్పుకున్నదంతా వర్తిస్తుంది.

నల్ల కన్నీళ్లు

అద్దెకి దిగే మనలాంటివాళ్లు ఇవన్నీ అడగలేం. కానీ కళ్లతో చూడగలం. మేకు తల కింద చెక్కమీద నల్లటి చారలు కారి ఉన్నాయా? చెక్కలోని వగరు, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. కలంకారీ బట్టమీద నల్లగీత ఎలా వస్తుంది? కరక్కాయ రసంలో తడిపిన బట్టమీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో గీస్తేనే. ఆ కరక్కాయలు ఈ కొండల్లో ఏరి, గిరిజన సహకార సంస్థకి అమ్మేవే. రెయిలింగు మీద దిగిన నలుపూ అదే, కాకపోతే ఎవరూ గీయని బొమ్మ. అలాంటి చార ఒక్కటే ఉంటే అందానికే లోటు. చారతోపాటు కర్ర ఊగుతుంటే దాన్ని ఆనుకోవద్దు, పిల్లల్ని అసలు ఆననివ్వద్దు. తెల్లటి పొడి కనిపిస్తే జింకు ఖర్చవుతోందని, గోధుమరంగు కనిపిస్తే జింకు అయిపోయిందని.

చెట్టు మీది గుడిసెలకి ఇంకో మెలిక. చెట్టు బతికి ఉంటుంది కదా, ఏటేటా లావవుతుంది. చుట్టూ కట్టిన తీగ బెరడులోకి కోసుకుపోయి చెట్టునే చంపుతుంది. దానికన్నా ఒక లావాటి బోల్టు లోతుగా దిగితే చెట్టుకి తక్కువ గాయం. వినడానికి ఇది తిరగబడ్డట్టు ఉంటుంది, కానీ చెట్టుకి ప్రాణం బెరడు కిందే.

అన్నింటికన్నా ముఖ్యమైనది మేకుల గురించి కాదు. అరుగు పని అయ్యాక ఆకుపచ్చ చెక్క ముక్కలు మిగులుతాయి. ఎండినవి, చేతికి దొరికేవి. చలికాలం సాయంత్రం టూరిస్టులు మంట కావాలంటారు. ఆ ముక్కల్ని మంటలో వేయకూడదు, బొంగు చికెన్ కాల్చే మంటలో అసలే వేయకూడదు. సీసీఏ చెక్క కాలితే ఆర్సెనిక్ పొగలోనూ బూడిదలోనూ చేరుతుంది. ఆ బూడిద తోటకీ వద్దు, గిన్నెలు తోమడానికీ వద్దు. పొయ్యిలోకి తోటలో కొట్టిన మామూలు కొమ్మలే మేలు.

ఇదంతా చెప్పాక ఆ అబ్బాయి అప్పటికే కొన్న తళతళలాడే స్క్రూల సంచి తీసి చూపించాడు. సగం గది లోపలి అలమరాలకి పనికొస్తాయి, మిగతావి కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడో లేదో చూడాలి. కార్తీక మాసం పిక్నిక్‌లకి మొదటి గది తెరవాలని అతని ఆశ. హాట్ డిప్ మేకులతో నేల పలకలు పూర్తయ్యాయి. రెయిలింగు బోల్టులు విశాఖ నుంచి రావాలి. అవి వచ్చేదాకా అరుగు మీదికి ఎవరూ ఎక్కకుండా మెట్ల దగ్గర అడ్డంగా తీగ కట్టాడు. అడ్డతీగే, తాత ఇంటికి కట్టినలాంటిదే.